జాతక చక్రంలో ‘సెరెస్’ అంటే ఏమిటి?

పాశ్చాత్య పద్ధతిలో వేసిన చక్రంలో సెరెస్ అని కనిపించింది, ఇదేం గ్రహం అని అడిగారు. కుజ, గురు గ్రహాల కక్ష్యల మధ్య గ్రహశకలాల గుంపులో అన్నిటికన్నా పెద్దది ఇదే. 2006 నుంచి దీన్ని మరుగుజ్జు గ్రహం అంటున్నారు. 1801 జనవరి 1న సిసిలీలోని పలెర్మోలో ఖగోళ శాస్త్రవేత్త పియాజీ దీన్ని కనిపెట్టి, ఆ ద్వీపంలో పూజలందుకున్న ధాన్యదేవత పేరు పెట్టాడు.

అర్థమంతా ఆమె కథలోంచి వచ్చిందే. కూతురు ప్రొసెర్పినా పూలు కోసుకుంటుంటే పాతాళ రాజు ప్లూటో రథమెక్కించి ఎత్తుకుపోయాడు. తల్లి కాగడాలు పట్టుకుని లోకమంతా గాలించింది. ఆమె దుఃఖానికి పైర్లు మాడిపోయాయి. చివరికి రాజీ కుదిరింది కానీ, పాతాళంలో దానిమ్మ గింజలు తిన్నందుకు పిల్ల ఏటా కొన్ని నెలలు అక్కడే ఉండాల్సి వచ్చింది.

అందుకే జ్యోతిష్కులు సెరెస్‌ను పెంపకం, తిండి, ఎడబాటుకు సూచికగా చెబుతారు. వృషభంలో ఉంటే కడుపునిండా పెట్టి ప్రేమ చూపిస్తారట! ఈ ఫలితాలకు శాస్త్రీయ ఆధారం లేదు. మన నవగ్రహాల్లో సెరెస్ లేదు, గ్రహ దశలు లెక్కించే వింశోత్తరి పద్ధతిలో దీనికి దశా లేదు. కాబట్టి శాంతి చేయించాలేమో అన్న టెన్షన్ అక్కర్లేదు.