టెక్సస్ బడిలో పిల్లల్ని చేర్చబోతున్న శిరీషకు

చి.సౌ. శిరీషకు,

పెద్దమ్మ ఆశీస్సులు. జూలైలో డాలస్ వస్తున్నామనీ, పెద్దవాణ్ణి మూడో తరగతిలో, చిన్నదాన్ని ప్రీకేలో (కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి) వేయాలనీ రాశావు. చిన్నదానికి నాలుగేళ్లు నిండినా రెండు మాటలు కలిపి చెప్పడం లేదన్న నీ దిగులూ అర్థమైంది. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో పిల్లలకు సాయం చాలానే ఉంది. అందులో ఎక్కువ భాగం అడిగినవాళ్లకే, అదీ రాసి అడిగినవాళ్లకే దక్కుతుంది. మన ఊళ్లో హెడ్మాస్టరు గారి దగ్గరికెళ్లి "కాస్త మా పిల్లను చూడండి సార్" అంటే సరిపోయేది. ఇక్కడ నోటిమాటకు లెక్క లేదు. ఏదడిగినా ఈమెయిల్‌లో అడుగు. దాని మీద తేదీ ఉంటుంది, గడువులన్నీ ఆ తేదీ నుంచే నడుస్తాయి.

చేర్చేటప్పుడు అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో, జనన ధ్రువపత్రం, పాత బడి కాగితాలు, టీకాల జాబితా చూస్తారు. పిల్లలకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని కంగారు పడకు, బదులుగా బడే వేరే నంబరు ఇస్తుంది. చిక్కంతా టీకాలతోనే. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసే ఎంఆర్ టీకాలో తట్టుకూ రుబెల్లాకూ మాత్రమే ఉంటుంది, గవదబిళ్లలకు ఉండదు. చికెన్‌పాక్స్, హెపటైటిస్-ఎ ఆ జాబితాలోనే లేవు. టెక్సస్‌లో తట్టు, రుబెల్లా, గవదబిళ్లలు మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్, చికెన్‌పాక్స్, హెపటైటిస్-ఎ మూడూ పెద్దవాడికి రెండేసి డోసులు కావాలి, ప్రీకేలో చేరే చిన్నదానికి మొదటి రెండూ ఒక్కో డోసు చాలు. హెపటైటిస్-ఎ డోసుల మధ్య ఆరు నెలలు ఆగాలి కాబట్టి మొదటివి అక్కడే వేయించుకుని రా. మొదటి డోసులు పడి ఉంటే తాత్కాలికంగా చేర్చుకుంటారు, మిగతావి గడువు తప్పకుండా వేయించాలి. డాక్టరు చేత టీకా పేరు, వేసిన తేదీ ఇంగ్లీషులో రాయించు.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాయి. పిల్లాణ్ణి వెనకబడ్డవాళ్లలో కలిపేస్తారన్న భయంతో మనవాళ్లు చాలామంది ఇంగ్లీషు అని రాసేస్తారు. తెలుగు అని రాస్తే జరిగేది ఒక ఇంగ్లీషు పరీక్ష, అంతే. మీ వాడి తరగతికి వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగూ చూస్తారు. చేరిన నాలుగు వారాల్లో బడి కమిటీ తేల్చేస్తుంది. బాగా వస్తే గొడవే లేదు. రాకపోతే ఈఎస్ఎల్, అంటే ఇంగ్లీషును రెండో భాషగా నేర్పే సాయం ఇస్తామంటారు, దానికి నీ అనుమతి కావాలి. హైదరాబాదులో ఇంగ్లీషు మీడియమే కదా అనుకోకు. పుస్తకం చదవగల పిల్లాడే క్లాసులో టీచరు గబగబా చెప్పే లెక్క అందుకోలేక తడబడతాడు. వద్దని సంతకం పెట్టినా, ఇంగ్లీషు బాగా వచ్చినట్టు తేలేదాకా ఏటా టెల్పాస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయక తప్పదు. పరీక్ష ఎలాగూ ఉన్నప్పుడు సాయం వదులుకోవడం దేనికి?

ఈ ఫారానికి ఊరందరితో ముడిపడిన సంగతి ఒకటుంది. స్కూల్ డిస్ట్రిక్టు (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) మొత్తం మీద ఒకే తరగతిలో, ఒకే ఇంటిభాష ఉండి ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు 20 మంది ఉంటే ఆ భాషలో ద్విభాషా బోధన పెట్టాలని టెక్సస్ నియమం. అర్హతున్న తెలుగు టీచర్లు దొరకలేదని డిస్ట్రిక్టులు మినహాయింపు తెచ్చుకోవచ్చు. కానీ లెక్కలో కనబడని పిల్లల కోసం టీచరును వెతికేవాళ్లే ఉండరు.

ఉచిత ప్రీకే ఇక్కడ అందరికీ లేదు. సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్లు నిండి, ఇంగ్లీషు మాట్లాడి అర్థం చేసుకోలేని పిల్లలకు ఉంది. తక్కువ ఆదాయమున్న ఇళ్లవాళ్లకు, సైనికుల పిల్లలకు, ఇంకా కొందరికి కూడా ఉంది. భాష కారణంగా వచ్చే అర్హతకు జీతంతో పని లేదు. ఇది తెలియక నెలనెలా డేకేర్ ఫీజు కట్టే తెలుగు ఇళ్లు ఎన్నో.

ఇక చిన్నదాని మాట సంగతి. "రెండు భాషలు కదా, ఆలస్యమవుతుందిలే" అని నలుగురూ అంటారు. వినకు. రెండు భాషలు విన్నంత మాత్రాన మాట ఆగిపోదు. తెలుగులోనే మాట రావడం లేదంటే చూపించాల్సిందే. మూడేళ్లు నిండిన పిల్లకు డిస్ట్రిక్టే ఉచితంగా పరీక్ష చేయించాలి, బడిలో ఇంకా చేరకపోయినా సరే. ప్రిన్సిపాల్‌కూ డిస్ట్రిక్టు స్పెషల్ ఎడ్యుకేషన్ (ప్రత్యేక విద్య) డైరెక్టర్‌కూ ఒకే ఈమెయిల్ పెట్టు. అందులో "స్పెషల్ ఎడ్యుకేషన్ ఇవాల్యుయేషన్ కోరుతున్నాను" అని అచ్చంగా ఆ మాటలే ఉండాలి. "మా పాప గురించి కాస్త దిగులుగా ఉంది" అని రాస్తే "కొన్నాళ్లు చూద్దాం" అనే జవాబొస్తుంది. ఎన్ని మాటలు వచ్చు, చెప్పింది అర్థమవుతోందా, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా, కావలసింది ఎలా అడుగుతోంది, ఇవన్నీ నాలుగైదు వాక్యాల్లో రాయి.

ఆ ఈమెయిల్‌కు 15 బడి రోజుల్లో జవాబు ఇవ్వాలి. పరీక్ష చేయబోమంటే కారణం రాసివ్వాలి. చేస్తామంటే, నువ్వు అనుమతి సంతకం పెట్టిన 45 బడి రోజుల్లో రిపోర్టు రావాలి. ఆ తర్వాత 30 రోజుల్లో ఏఆర్‌డీ మీటింగు, అంటే పిల్లకు ప్రత్యేక సాయం కావాలా, ఏం ఇవ్వాలి అని నీతో కూర్చుని తేల్చే మీటింగు పెట్టాలి. బడి రోజులంటే సెలవులు లెక్కలోకి రావు, అందుకే ఏప్రిల్‌లో అడిగినవాళ్ల పని మళ్లీ ఆగస్టు దాకా సాగుతుంది. నువ్వు బడి తెరిచిన మొదటి వారంలోనే పంపు. పరీక్ష తెలుగులో కూడా జరగాలని, దుబాసీ కావాలని అదే ఉత్తరంలో అడుగు. ముందు క్లాసులో కొన్ని ప్రయత్నాలు చేసి చూస్తామన్నా ఒప్పుకో, కానీ ఆ పేరుతో పరీక్ష వాయిదా వేయడానికి వీల్లేదు.

ఇంత పట్టుబట్టమనడానికి కారణముంది. 2004 నుంచి టెక్సస్ విద్యాశాఖ, ప్రత్యేక విద్యలో ఉండే పిల్లలు 8.5 శాతం మించకూడదన్నట్టు డిస్ట్రిక్టులను లెక్కగట్టింది. అవసరమున్న ఎంతోమంది పిల్లలు బయటే ఉండిపోయారు. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టింది, 2017లో చట్టసభ ఆ పద్ధతిని నిషేధించింది, 2018లో ఫెడరల్ విద్యాశాఖ అది చట్టవిరుద్ధమని తేల్చింది. ఆ ఏళ్లలో వెనక్కి పంపించిన తల్లిదండ్రులు ఎందరో.

ఏఆర్‌డీ మీటింగులో ఐఈపీ అనే పత్రం, అంటే ఆ పిల్లకోసమే వేసే చదువు ప్రణాళిక తయారుచేస్తారు. అందులో లక్ష్యాలు కొలిచేటట్టు ఉన్నాయా చూడు. "మాట మెరుగుపడుతుంది" అన్నది లక్ష్యం కాదు. "డిసెంబరుకల్లా ఐదుసార్లలో నాలుగుసార్లు రెండు పదాలు కలిపి అడుగుతుంది" అన్నది లక్ష్యం. స్పీచ్ థెరపీ వారానికి ఎన్ని నిమిషాలో, ఒక్కదానికా గుంపులోనా అన్నది కూడా పత్రంలో రాయించు. నచ్చకపోతే అక్కడికక్కడే ఒప్పుకోనక్కర్లేదు, పది బడి రోజుల్లోపు మళ్లీ కూర్చునే అవకాశం ఇస్తారు. అల్లుణ్ణి కూడా తీసుకెళ్లు. బల్లకు అటువైపు ఐదారుగురు ఉంటారు, నువ్వొక్కదానివే కూర్చోకూడదు.

సంక్రాంతి దాకా ఉండేట్టు ఇండియా ప్రయాణం పెట్టుకోకు, డిసెంబరు చివర్లో వచ్చే రెండు వారాల సెలవుల్లోనే ముగించు. ఇక్కడ డిస్ట్రిక్టుకు డబ్బు పిల్లల హాజరును బట్టి వస్తుంది, అందుకే గట్టిగా పట్టించుకుంటారు. 90 శాతం హాజరు లేకపోతే ఆ తరగతి పూర్తయినట్టు ఇచ్చే క్రెడిట్‌కు చిక్కు. ఆరు నెలల్లో కారణం చెల్లని గైర్హాజరు పది రోజులైతే వ్యవహారం కోర్టు దాకా పోవచ్చు. దీపావళి, ఉగాది లాంటి మతపరమైన పండుగలకు మాత్రం ముందుగా రాసిస్తే సెలవు ఇచ్చి తీరాలి.

అల్లుడి ఉద్యోగం పోతుందని కాదు గానీ, ఇది తెలిసి ఉండాలి. ఆదాయం పడిపోతే ఏడాది మధ్యలోనైనా బడి భోజనం ఫారం పెట్టొచ్చు. కేంద్రం నిర్ణయించిన పేదరిక రేఖకు 130 శాతం లోపు ఆదాయముంటే భోజనం ఉచితం, 185 లోపైతే 40 సెంట్లకు మించి తీసుకోరు. ఇల్లు వదిలి స్నేహితుల ఇంట్లో తలదాచుకోవాల్సి వచ్చినా పిల్లలు పాత బడిలోనే కొనసాగొచ్చు, బస్సు కూడా డిస్ట్రిక్టే చూస్తుంది. 1987 నాటి మెకిన్నీ-వెంటో చట్టం అది. ప్రతి డిస్ట్రిక్టులోనూ దానికొక అధికారి ఉంటారు.

తీసుకోవడం తెలిసినంత బాగా మనవాళ్లకు ఇక్కడ బడికి ఇవ్వడం అలవాటు కాలేదని నాకు అనిపిస్తుంది. తానా వంటి సంఘాలు బ్యాక్‌ప్యాక్‌లు పంచుతున్నాయి, మంచిదే. అలాంటిదేదైనా చేసేముందు బడి కౌన్సెలర్‌ను అడగాలి. ఆ బడికి కావలసింది చలి కోట్లో, శనాదివారాలకు తిండి సంచులో ఆవిడకే తెలుసు. తల్లిదండ్రులూ టీచర్లూ కలిసి నడిపే పీటీఏలో చేరు. లైబ్రరీలో నెలకు రెండు గంటలు పుస్తకాలు సర్దినా ప్రిన్సిపాల్‌కు నీ ముఖం తెలుస్తుంది. స్కూల్ బోర్డులో ఎన్నికైన ట్రస్టీలు ఉంటారు, వాళ్లు జీతం లేకుండా పనిచేస్తారు. వాళ్లను ఎన్నుకోవడానికి నీకు ఓటు లేకపోయినా మీటింగులో మాట్లాడొచ్చు. ముందుగా పేరు ఇచ్చి, అజెండాలోని ఒక్క అంశం మీద రెండు మూడు నిమిషాల్లో ముగించు. తెలుగు పిల్లల ప్రీకే గురించీ, దుబాసీల గురించీ పదిమంది అమ్మలు వరుసగా మాట్లాడితే అది మీటింగు రికార్డులోకి (మినిట్స్) ఎక్కుతుంది.

జనన ధ్రువపత్రాలు, టీకాల జాబితాలు, పెద్దవాడి రెండో తరగతి మార్కుల కాగితం చేతి సంచిలో పెట్టుకో. పెట్టెల్లో వేయకు.

మీ
పెద్దమ్మ