టీనేజ్ పిల్లలకి ఆరోగ్యం గురించి ఎలా చెప్పాలి అంటే, మా బడి కాలవలో నీలం మాత్రల సంగతి చెప్తాను

ప్రశ్న అడిగినావిడ బాబు తొమ్మిదో తరగతంట, పొద్దున్న ఏమీ తినకుండా బడికి పోతాడు, రాత్రి ఒంటిగంట దాకా ఫోను, మొన్న బ్యాగులో ఖైనీ పొట్లం కూడా దొరికిందంట, ఎంత చెప్పినా వినట్లేదు ఏం చెయ్యాలి అని అడిగారు. అమ్మా, నేను శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేట వైపు ఒక హైస్కూల్లో బయాలజీ చెప్తాను, పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఈ వయసు పిల్లలకి ఎందుకో చెప్పకుండా ఏం చెప్పినా ఎక్కదు, ఇన్నేళ్ళలో నేను గట్టిగా నమ్మింది ఇదొక్కటే.

నాలుగేళ్ళ కిందట ఆగస్టు, వానలు. ఆడపిల్లల బాత్రూముల వెనక ప్రహరీ పక్కన చిన్న కాలవ ఉంటే అది పూడిపోయి నీళ్ళు వరండాలోకి వచ్చేస్తన్నాయని ఆయాని తీసుకుని చూడ్డానికెళ్ళాను. నీళ్ళు నీలంగా ఉన్నాయండి, బట్టలకి నీలిమందు వేసిన బకెట్టులాగ. ఆయా పుల్లతో ఆకులు లాగితే అడుగున మాత్రలు, సగం కరిగి ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దలుగా ఉన్నాయి. అవి మేం వారానికోసారి పిల్లలకి పంచే ఐరన్ మాత్రలు. 10 నుంచి 19 ఏళ్ళ పిల్లలకి ప్రభుత్వం ఇస్తుంది కదా, 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, అవే. రిజిస్టర్లో మాత్రం అందరూ మింగేసినట్టు టిక్కులు పెట్టుకున్నాం.

అదే నెలలో ప్రేయర్లో నిలబడినోళ్ళు నిలబడినట్టే ఇద్దరు ఆడపిల్లలు పడిపోయారు. ఒకమ్మాయికి పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 7.8. ఆ వయసు ఆడపిల్లకి 12 ఉండాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని తేలింది, ఆ లెక్క నేను పిల్లలకి పాఠంలో చెప్పాను కూడా, కానీ మా బడి మాత్రలు మా బడి కాలవలోనే ఉన్నాయని నాకే తెలీదు.

స్టాఫ్ రూములో కొందరు వరసగా నిలబెట్టి చెరో రెండు తగిలిద్దాం అన్నారు. నేను వద్దన్నాను. ఆఖరి పీరియడ్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని ల్యాబులో కూర్చోబెట్టి తలుపేసి, ఎవర్నీ ఏమీ అననమ్మా, ఎందుకు పారేస్తన్నారో చెప్పండి చాలు అన్నాను. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. వెనక బెంచీ పిల్ల ఒకర్తి లేచి "మేడమ్, అది మింగితే మర్నాడు దొడ్డికి నల్లగా ఒస్తాది మేడమ్, మాయమ్మ భయపడిపోనాది" అంది. ఇంకొకర్తి కడుపులో తిప్పేస్తాదంది. ముందు బెంచీలో బాగా చదివే పిల్ల, తల దించుకుని "అవి మింగితే రేపు పెళ్ళయ్యాక పిల్లలు పుట్టరంట కదా మేడమ్, మా మామ్మ సెప్పింది" అంది.

అంత భయం మనసులో పెట్టుకున్న పిల్లకి చేతిలో మాత్ర పెట్టి మింగు మింగు అంటే ఎలా మింగుతుంది చెప్పండి. ఒంటికి పట్టగా మిగిలిన ఐరన్ అలా నల్లగా పోతుంది, దానికి భయపడక్కర్లేదు, పిల్లలు పుట్టరన్నది ఉత్త అపోహ అని మాలో ఒక్కరం చెప్పలేదు. ఖాళీ కడుపుతో మింగితే తిప్పుతుందని తెలిసి కూడా ఫస్ట్ పీరియడ్లోనే పంచేసేవాళ్ళం, సగం మంది టీ తాగి వచ్చేసినవాళ్ళే. తప్పు మాదే.

ఆ రోజు ఆయాతో పాలు పొయ్యని టీ డికాషన్ తెప్పించాను. ఒక మాత్ర నీళ్ళలో కడిగి పైరంగు పోగొట్టి, ల్యాబులో ఉన్న రోట్లో నూరి గాజు గ్లాసులో డికాషన్లో కలిపాను. ఎర్రగా ఉన్నది చూస్తుండగానే నల్లబడిపోయింది, అచ్చం సిరాలాగ. అయ్యబాబోయ్ అని పిల్లలంతా టేబుల్ మీద పడిపోయారు. టీలో ఉన్న టానిన్లు ఐరన్ని ఇలా పట్టేసుకుంటాయి, మీ కడుపులో కూడా ఇదే జరుగుతాది, ఇంక రక్తానికి ఏటి మిగులుతాది అన్నాను. అప్పుడు ఒక పిల్ల "మా తాత కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసేవోడంట మేడమ్, ఇలాగేనా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటేనమ్మా, ఈ మాత్రలో ఉన్నదీ ఆ ఇనుమే అని చెప్పాను. ఆ పిల్లే తర్వాత ఇంటికెళ్ళి వాళ్ళ మామ్మకి గ్లాసులో కలిపి చూపించిందంట.

మర్నాటి నుంచి మాత్రలు మధ్యాహ్న భోజనం అయ్యాకే. నేనూ వాళ్ళతోపాటే కూర్చుని తిని, నేనూ ఒకటి మింగేదాన్ని. నిమ్మకాయ ఉంటే పప్పులో పిండుకోండి, ఐరన్ బాగా పడుతుంది అంటే పిల్లలే ఇళ్ళ నుంచి తెచ్చేవారు. 7.8 ఉన్న పిల్లకి పీహెచ్‌సీ డాక్టరు వేరే మందులు రాశారు, అవీ ఇవీ కలిసి సంక్రాంతి నాటికి 10.6కి వచ్చింది. కాలవ మళ్ళీ నీలంగా అవ్వలేదు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మన ఇళ్ళల్లో చోడి (రాగి) అంబలి తాగి పొలాలకి పోయినోళ్ళం, ఇప్పుడు అదే ఇంట్లో పిల్లకి పొద్దున్నే గ్లాసుడు టీ, రెండు బిస్కెట్లు. బడిలోనేమో పదో తరగతి రాగానే ఆటల పీరియడ్ లెక్కలకి ఇచ్చేస్తారు. ఆమదాలవలస పక్క ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000లో సిడ్నీలో కంచు పతకం తెచ్చిన కరణం మల్లేశ్వరి మన జిల్లా ఆడపిల్లే కదండీ, మన ఆడపిల్లలకి గంటసేపు పరిగెత్తడానికి గ్రౌండు లేదా? బడికి వంద గజాల్లోపు పొగాకు అమ్మకూడదని 2003లోనే చట్టం చేశారు, మా గేటుకి ఎదురుగా ఉన్న కొట్లో తోరణాలు కట్టినట్టు వేలాడుతుంటాయి పొట్లాలు. ఎన్నిసార్లు కాగితం పెట్టినా రెండు రోజులు తీసి మూడో రోజు కట్టేస్తారు. కడుపు మండిపోద్ది.

మీ బాబు ఖైనీ సంగతికొస్తే, మా మామ్మ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్ళకి ఉన్న అలవాటే, 1960ల్లోనే డాక్టర్లు మన జిల్లా ఊళ్ళకొచ్చి నోళ్ళు చూసి వెళ్ళారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు మామ్మని నోరు తెరవమని టార్చి వేసి చూశాం, నేనూ మా అన్నయ్యా. అంగిలంతా తెల్లగా మందంగా దళసరి గుడ్డలా ఉంది, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు. మా అన్నయ్య అప్పటికి దొంగతనంగా బీడీలు కాలుస్తున్నాడు, ఆ రోజుతో మానేశాడు. నాన్న తిడితే మానలేదు మరి.

కాబట్టి మీరు బాబుకి అద్దం, టార్చి ఇవ్వండి. ఖైనీ పెట్టుకునే చోట, కింద పెదవి లోపల, వాణ్ణే చూసుకోమనండి, తెల్లగా గానీ ముడతలుగా గానీ ఉంటే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం అని చెప్పండి. మీరు పక్కన నిలబడకండి, తలుపేసుకుని చూసుకోనివ్వండి. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కి ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు పడవు, పొట్లాల మీదే ఆ నంబరు అచ్చేస్తున్నారు, వాడితోనే చదివించండి. ఇవన్నీ చేసే ముందు ఒకపూట పక్కన కూర్చుని, అది పెట్టుకుంటే నీకేం బాగుంటోంది నాన్నా అని అడగండి. వాడు ఏం చెప్పినా మధ్యలో తిట్టకుండా వినగలను అనుకున్న రోజే అడగండి.