అనుభవం ఉన్న మెకానిక్ కూడా విమానంలో చిన్న పార్ట్ ఎలా మర్చిపోతాడు?

చెక్‌లిస్టులు, సంతకాలు, ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా ఒక రబ్బరు రింగు వేయడం ఎలా మర్చిపోతారని అడిగారు. నేను ఈ మెయింటెనెన్స్ పనిలోనే ఉన్నాను, ఎక్కువగా నైట్ షిఫ్టులు. నేను చూసినంతవరకు కొత్తవాడు మాన్యువల్ వదలడు, చెయ్యి తిరిగినవాడే దాన్ని పక్కన పెట్టి పనిలోకి దిగిపోతాడు.

1983 మే 5న అమెరికాలోని మయామీ నుంచి బహమాస్‌లోని నాసావ్ బయల్దేరిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 855 విమానం సంగతే తీసుకోండి. మూడు ఇంజన్ల ఎల్-1011 అది. ఆయిల్‌లో లోహపు రజను పట్టే చిప్ డిటెక్టర్లను అంతకుముందు రాత్రి మార్చారు, మూడు ఇంజన్లకీ ఓ-రింగులు, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు, లేకుండానే బిగించేశారు. ఎందుకంటే రోజూ ఆ డిటెక్టర్లు రింగులు వేసి రెడీగా దొరికేవి, ఆ రాత్రి స్టోర్ నుంచి వచ్చినవాటికి మాత్రం లేవు. చేయాల్సిన పని స్టెప్పులుండే వర్క్ కార్డులో రింగులు వేయమని రాసే ఉంది, సంతకం కూడా పడింది! లీక్ కోసం ఇంజన్లను కొన్ని సెకన్లు తిప్పి చూస్తే ఏమీ కనపడలేదు. గాల్లోకి వెళ్లాక ఆయిల్ కారిపోయి ముందు ఒక ఇంజన్ ఆపాల్సొచ్చింది, తర్వాత మిగతా రెండూ వాటంతటవే ఆగిపోయాయి, చివరికి మొదట ఆపినదాన్నే మళ్లీ స్టార్ట్ చేసి మయామీలో దిగారు. అదృష్టం, 172 మందీ బతికారు.

ఒకటి పోతే ఇంకోటి ఉండాలనే కదా మూడు ఇంజన్లు పెట్టేది, మూడింటికీ ఒకే తప్పు జరిగితే ఇక అవి ఉండి ఏం లాభం? అందుకే సముద్రాల మీద దూరం వెళ్లే రెండింజన్ల విమానాల్లో ఒకే మనిషి ఒకే పనిని రెండు ఇంజన్ల మీదా చేయకుండా చూస్తారు.

నాకైతే అసలు టెన్షన్ షిఫ్టు మారేటప్పుడే. ఒకసారి తెల్లవారుజామున ప్యానెల్ మూసేముందు టార్చ్ వేసి చూస్తే ఒక పైపు నట్టు మీద ఎర్ర రంగు గీత లేదు, మేము టార్క్ చేశాకే, అంటే కొలత ప్రకారం పూర్తిగా బిగించాకే, ఆ గీత గీస్తాం. వేళ్లతో తిప్పితే తిరిగింది. ముందు షిఫ్టు అతను చేత్తో బిగించి, మధ్యలో ఎవరో పిలిస్తే వెళ్లాడట, తిరిగొచ్చి పక్క పని మొదలుపెట్టాడు. మంచి పనిమంతుడే, బద్ధకస్తుడు కాదు. చేత్తో బిగించిన నట్టు చూడ్డానికి పూర్తిగా బిగించినట్టే ఉంటుంది, అదే చిక్కు. అందుకే పని మధ్యలో లేవాల్సొస్తే నేను నట్టు పూర్తిగా ఊడదీసి, ట్యాగ్ కట్టి వెళ్తాను, వచ్చాక రెండు మూడు స్టెప్పులు వెనక్కెళ్లి మళ్లీ మొదలుపెడతాను. సంతకం కూడా అక్కడికక్కడే, షిఫ్టు చివర్లో కార్డులన్నీ ముందేసుకుని వరసగా పెట్టేయడం మాత్రం చెయ్యను.