రెండో లుడ్విగ్ కోటల పిచ్చితో బవేరియా ఖజానా ఖాళీ చేశాడా?

లేదు. 1864 నుంచి 1886 వరకు దక్షిణ జర్మనీలోని బవేరియా రాజ్యాన్ని ఏలిన రెండో లుడ్విగ్ తన కోటలను సొంత ఆదాయంతో, అప్పులతో కట్టించాడు, ప్రభుత్వ ఖజానాతో కాదు.

అప్పటికే బవేరియాలో రాజ్యాంగం ఉంది, బడ్జెట్ పార్లమెంటు చేతిలో ఉండేది. రాజుకు ఏటా దక్కేది నిర్ణీత భత్యమే. అది చాలక లుడ్విగ్ ఎడాపెడా అప్పులు చేశాడు. 1870లో మరో జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజుకు జర్మన్ చక్రవర్తి బిరుదు ఇవ్వాలని లేఖ రాశాక, ప్రష్యా ప్రధానమంత్రి బిస్మార్క్ నుంచి రహస్యంగా డబ్బు కూడా అందింది. ఇంత చేసినా చివరికి బాకీ సుమారు 1 కోటీ 40 లక్షల మార్కులకు (అప్పటి జర్మన్ కరెన్సీ) చేరింది.

నోయిష్వాన్‌స్టైన్ కోటనే చూడండి. 1869లో మొదలైన పని ఆయన చనిపోయేనాటికీ పూర్తికాలేదు, సింహాసన మందిరంలో సింహాసనమే లేదు. 1886 జూన్‌లో మరణించిన కొద్ది వారాలకే టికెట్ పెట్టి జనాన్ని లోపలికి అనుమతించారు. నేడు ఏటా పది లక్షలకు పైగా సందర్శకులు వస్తున్నారు.

ప్రజల సొమ్ము తగలేసినందుకే ఆయన్ను గద్దె దించారని చాలామంది అనుకుంటారు. నిజానికి అప్పులతో విసిగిన మంత్రులు, తమను తొలగిస్తాడన్న భయంతో, వైద్యులు స్వయంగా పరీక్షించకుండానే ఇచ్చిన నివేదికతో పిచ్చివాడని ముద్ర వేశారు. అది అన్యాయమే.