పదకొండు చోట్ల ఫైర్

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదవడం నా అలవాటు. ఎనిమిది పేజీల్లో ‘ఫైర్’ అన్న మాట పదకొండు చోట్ల తగిలింది. గడ్డివాముకి ఫైర్ యాక్సిడెంట్ అయింది. తండ్రి ఫైర్ అయ్యాడు. కొడుకుని హైదరాబాద్‌లో కంపెనీవాళ్ళు ఫైర్ చేశారు. ఆఖరి పేజీలో వాడి కళ్ళలో ఫైర్ కనిపించింది. ఒక్క మాట చేత ఇంత చాకిరీ చేయించావు, కూలి ఏమిచ్చావో గాని!

ఇంగ్లీషు మాట వాడావని నా గొడవ కాదు. ఫైరింజన్‌ని నేనూ ఫైరింజన్ అనే రాస్తాను. అగ్నిమాపక శకటం అన్న మాట పేపర్లో చదవడమే గాని ఎవరి నోటా వినలేదు. నేనడిగేదల్లా ఒకటే: ఆ మాట ఆ చోట ఏం పని చేస్తోందో చూసుకున్నావా అని.

తండ్రితో మొదలుపెడదాం. ‘కలెక్టర్ మీద ఎమ్మెల్యే ఫైర్’ అని మన పేపర్లలో హెడింగులు పెడతారు. చిన్న మాట, కాలమ్‌లో ఇమిడిపోతుంది. అదే మాట ఇంగ్లీషువాడికి చెబితే ఎమ్మెల్యే తుపాకీ తీశాడేమోనని కంగారు పడతాడు. తిట్టడానికి ఆ అర్థం మనం తగిలించుకున్నది. తప్పని అనను, మాటలు అలాగే పుడతాయి. కానీ నీ కథలో ఉన్నది అరవై ఏళ్ళ రైతు. ఆయన మండిపడతాడు, లేదా నిప్పులు చెరుగుతాడు. ‘అగ్గి మీద గుగ్గిలం’ మాత్రం రాయకు, అది అరిగిపోయింది. అసలు ఆయన కోపం ఎలాంటిదో ఆలోచించావా? గుప్పున లేచి చల్లారిపోయే తాటాకు మంటా, పొట్టు పొయ్యిలా తెల్లవార్లూ లోపలే రగిలేదా? నీ కథ చదివితే నాకు రెండోదే అనిపించింది. ‘ఫైర్ అయ్యాడు’ అనడంతో అది కాస్తా చచ్చింది.

తుపాకీకి నిప్పుకి చుట్టరికం ఎలా కుదిరిందో తెలుసుకుంటే నీకు సరదాగా ఉంటుంది. పాత తుపాకులకి వెనక ఒక చిన్న కంత ఉండేది. అందులోని మందుకి నిప్పు తగిలిస్తే గుండు బయటికొచ్చేది. అందుకే 16వ శతాబ్దం నుంచి ఇంగ్లీషులో తుపాకీ పేల్చడానికి ‘ఫైర్’ క్రియ అయింది. మనమూ అదే దారిలో నడిచి కాల్పులు అన్నాం, తుపాకీ కాల్చాడు అన్నాం. కాబట్టి బాణానికి ఆ మాట అతకదు. ఇంగ్లీషు సినిమాల్లో విలుకాళ్ళ సేనాధిపతి ‘ఫైర్’ అని కేక వేస్తే తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు, విల్లులో నిప్పెక్కడిది? మన అర్జునుడు బాణం సంధిస్తాడు, ఎక్కుపెడతాడు, విడుస్తాడు.

ఉద్యోగంలోంచి తీసేయడం అన్న అర్థం అమెరికాలో 19వ శతాబ్దం చివర్లో స్థిరపడింది. తుపాకీ పేల్చడాన్నీ, మనిషిని పనిలోంచి పంపించేయడాన్నీ వాళ్ళు ‘డిశ్చార్జ్’ అనే అంటారు. ఆ శ్లేష నుంచి ఇది వచ్చిందని భాషావేత్తల మాట. నీ కథలో ప్రాజెక్టు మూసేసి నలభై మందిని ఇంటికి పంపారు. అది ఫైర్ చేయడం కాదు, లేఆఫ్. ఫైర్ చేశారంటే వాడేదో తప్పు చేశాడని అర్థం. ఈ తేడా వాడికి తెలుసు, ఊళ్ళో తండ్రికి తెలియదు. కొడుకుని ఫైర్ చేశారట అని పక్కింటాయన అంటే ఆ తండ్రి ఏమనుకుంటాడు? చూశావా, నీ కథ అక్కడ ఇంకో మెట్టు ఎక్కవచ్చు.

నా పరువు పోయేదే అయినా ఒక సంగతి చెబుతాను. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక ఫ్యాక్టరీ కోసం భద్రతా కరపత్రం తెలుగు చేశాను. డబ్బాల మీద ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని ఉంది. ఇంగ్లీషులో ముందు ‘ఇన్’ వస్తే కాదు, లేదు అని కదా మనకి బళ్ళో నేర్పింది. దర్జాగా ‘మండని ద్రవం’ అని రాసిచ్చాను. ప్రూఫులు దిద్దే పెద్దాయన కళ్ళజోడు తీసి, ‘పెట్రోలు ట్యాంకర్ వెనక రాసేది ఇదే మాట కదయ్యా’ అన్నారు. నాకు చెమటలు పట్టాయి. అక్కడి ‘ఇన్’ లేదనే ‘ఇన్’ కాదు, లోపలికి అనే లాటిన్ ‘ఇన్’. మంటలోకి పోయేది అన్నమాట. ఇంగ్లీషువాళ్ళకే ఈ తికమక ఉండబట్టి 1920ల నుంచి అమెరికాలో అగ్ని భద్రత చూసేవాళ్ళు ఆ ‘ఇన్’ పీకేసి ‘ఫ్లేమబుల్’ అని రాయమని చెబుతూ వచ్చారు.

ఆ రోజుల్లోనే అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఊళ్ళో బెంజమిన్ లీ వార్ఫ్ అని ఒకాయన ఉండేవాడు. అగ్ని బీమా కంపెనీలో ఉద్యోగం, తీరిక దొరికితే భాషాశాస్త్రం. ఎక్కడెక్కడ ఎందుకు తగలబడిందో వచ్చిన రిపోర్టులు చదువుతుంటే ఆయనకి ఒకటి తట్టింది. నిండు పెట్రోలు డ్రముల దగ్గర జాగ్రత్తగా ఉండే మనుషులు ఖాళీ డ్రముల పక్కన సిగరెట్ కాలుస్తున్నారు. ఖాళీ అన్నారు కాబట్టి భయం లేదు. నిజానికి ఖాళీ డ్రములో ఉండే ఆవిరే ఎక్కువ ప్రమాదం. ఒక్క మాట మనిషి చేత అగ్గిపుల్ల గీయించగలదు. నా కరపత్రం అలాగే అచ్చయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

వేర్ల సంగతి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. మన అగ్నికి, ఇంగ్లీషు ‘ఫైర్’కి బంధుత్వం లేదు. అగ్నికి బంధువు లాటిన్ ‘ఇగ్నిస్’. మోటార్ సైకిల్‌కి తాళం పెట్టి తిప్పే ‘ఇగ్నిషన్’ అక్కణ్ణించి వచ్చిందే. అగ్గిపెట్టెలోని అగ్గి ప్రాకృతం మీదుగా మనింటికి చేరింది. నిప్పు మాత్రం అచ్చంగా మనది, తమిళుల నెరుప్పుకి తోబుట్టువు. ఇవి తెలిసినంత మాత్రాన కథ రాదు. కానీ అగ్నిని పెళ్ళిపీటల దగ్గర, అగ్గిని బీడీ దగ్గర, నిప్పుని పొయ్యిలో ఉంచాలని చెయ్యి దానంతటదే నేర్చుకుంటుంది.

ఇక గడ్డివాము. నీ కథకి ప్రాణం అదే, దాన్ని మూడు మాటల్లో తేల్చేశావు. మీ ఊళ్ళో జరిగిందేనని ఉత్తరంలో రాశావు కదా, గుర్తు తెచ్చుకో. గడ్డి పూర్తిగా ఆరకుండా వాము వేస్తే లోపల వేడి పుట్టి, ఒక్కోసారి దానంతటదే అంటుకుంటుంది. ముందు వాసన వస్తుంది. తర్వాత ఎక్కడో సన్నగా పొగ. అప్పటికి అది రాజుకుంటోంది అంతే, ఇంకా అంటుకోలేదు. గాలి తగిలిందంటే భగ్గుమంటుంది. ఆ తర్వాతే తగలబడటం. పైన మంట ఆరినా లోపల రగులుతూనే ఉంటుంది, మర్నాడు నివురు కదిపితే మళ్ళీ ఎర్రగా కనిపిస్తుంది. ఒక్కో మాటకి ఒక్కో గడియ. నువ్వు ఫైర్ అన్నావు, గడియలన్నీ కలిసిపోయాయి.

అదే రాత్రి ఇంట్లో దేవుడి దగ్గర దీపం ఆరిపోయిందని రాశావు. ఆ నాయనమ్మ ఉన్న ఇంట్లో దీపం ఆరిపోదమ్మా, కొండెక్కుతుంది. ఆవిడ పొయ్యి ముట్టిస్తుంది, రాజేస్తుంది, దీపం మాత్రం వెలిగిస్తుంది. కళ్ళలో ఫైర్ సంగతి నేను దిద్దలేదు, కొట్టేశాను. ఆ వాక్యం లేకపోయినా వాడి కళ్ళు నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

హైదరాబాద్ రూములో కుర్రాళ్ళు మాట్లాడుకునే చోట మాత్రం ‘ఫైర్’ ముట్టుకోలేదు. బిర్యానీ బాగుంటే ఫైర్ అంటారు, పాట బాగుంటే ఫైర్ అంటారు. వాళ్ళ మాట అది, ఉండనీ. అవి మూడు. మిగతా ఎనిమిదిటిని నువ్వే చూసుకో.

నీ ప్రతిని పోస్టులో వెనక్కి పంపుతున్నాను. తిరగరాసే ముందు ఒకటి అడుగు. వాము దగ్గర పొగని మొదట చూసింది మీ నాయనమ్మే అని ఉంది. పరిగెత్తుకొచ్చి ఆవిడ ఏమని అరిచింది? నీ ప్రతిలో ఆ మాట లేదు.

ఆశీస్సులతో,
మీ రచయిత