సొంత ఫ్లాటును అద్దెకిస్తే అసలు రాబడి ఎంత?

2014లో 40 లక్షలకు కొన్న కూకట్‌పల్లి ఫ్లాటును నెలకు 24,000 రూపాయల అద్దెకిచ్చి బెంగళూరుకు మారుతున్నానని, ఏడాదికి వచ్చే 2,88,000 రూపాయలను 40 లక్షల మీద చూస్తే 7.2 శాతం గిట్టుబాటవుతుంది కదా అని మీరు అడిగారు. 2019లో ఉద్యోగరీత్యా పుణెకు వెళ్తూ నిజాంపేటలోని మా ఫ్లాటును అద్దెకిచ్చినప్పుడు నేనూ అచ్చం ఇలాగే లెక్క వేసుకున్నాను: 2011లో పెట్టిన 32 లక్షల మీద, నెలకు 18,000 చొప్పున, 6.75 శాతం. ఏడాది తిరిగేసరికి అది 2.6 శాతమేనని తేలింది.

మేము ఖాళీ చేశాక నెలన్నర వరకు ఎవరూ చేరలేదు కనుక ఆ ఏడాది చేతికొచ్చిన అద్దె 1,89,000 మాత్రమే. అందులో బ్రోకరుకు పదిహేను రోజుల అద్దె 9,000, ఇల్లు ఖాళీగా ఉన్నన్నాళ్ల మెయింటెనెన్సు 3,000, ఆస్తి పన్ను 5,000 పోయాయి. వేసవిలో ఒకరోజు వాచ్‌మన్ ఫోన్ చేసి బోరు ఎండిపోయిందన్నాడు. కొత్త బోరుకు మా వాటా 12,000 పడింది. నెలవారీ మెయింటెనెన్సు అద్దెకున్నవారే కడతారు గాని, బోరు, లిఫ్టు మోటారు, టెర్రస్ లీకేజీ వంటివి యజమాని నెత్తినే పడతాయి. ఇల్లు ఇచ్చేముందు రంగులకూ కుళాయిల మరమ్మతులకూ అయిన 45,000 మూడేళ్లకోసారి తప్పదనుకుని, ఏడాదికి 15,000 చొప్పున రాసుకున్నాను. అదీ అత్యాశేనేమో, మొదట చేరిన కుటుంబం రెండేళ్లకే వెళ్లిపోయింది. హాలు గోడకు టీవీ కోసం కొట్టిన డ్రిల్లు రంధ్రాలు పదకొండు లెక్కపెట్టాను. అన్నీ పోను ఆ మొదటి ఏడాది మిగిలింది 1,45,000.

అసలు చిక్కు, ఈ మొత్తానికి దేని మీద శాతం కట్టాలన్నది. 32 లక్షలన్నది ఎనిమిదేళ్ల నాటి మాట. 2019లో ఆ ఫ్లాటు 58 లక్షలు పలికేది, బ్రోకరేజీ, మూలధన లాభాల పన్ను పోయినా దాదాపు 56 లక్షలు చేతికొచ్చేవి. అమ్మకుండా ఉంచుకోవడమంటే ఆ 56 లక్షలనూ ఆ ఇంట్లోనే మళ్లీ పెట్టినట్టు కనుక, 1,45,000ను దానితోనే భాగించాలి. ఫ్లాటు ధర పెరగడం వేరే ఖాతా. దాన్ని అద్దెలో కలిపితే రెండూ తేలవు. అప్పు ఉన్నట్లయితే అమ్మకపు సొమ్ములోంచి బాకీని తీసేసి, ఇఎంఐలో వడ్డీ భాగాన్ని మాత్రమే ఖర్చుగా రాయండి.

ఇదంతా ఆదాయపు పన్నుకు ముందు లెక్క. అద్దెలోంచి మీరు కట్టిన ఆస్తి పన్ను తీసేశాక, మరమ్మతులకు నిజంగా ఎంతైనా సరే, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు వస్తుంది; గృహరుణం వడ్డీని కూడా అద్దె ఆదాయంలోంచి తీసేయవచ్చు. అయితే వడ్డీ అద్దెను మించి నష్టం వస్తే, దాన్ని పాత పన్ను విధానంలో 2 లక్షల వరకు జీతంలో సర్దుకోవచ్చు, కొత్త విధానంలో ఆ వీలు లేదు. కొత్త విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో భాగంగా వచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కూడా ఉండదు కాబట్టి, హైదరాబాదులో మీకొచ్చే అద్దెకు పన్ను పడుతుంది, బెంగళూరులో మీరిచ్చే అద్దెకు ఊరట దొరకదు. చాలామంది మరచిపోయేది ఇదే.

మీ లెక్కలో తెలియనిది ఫ్లాటు నేటి ధర. దానికి ప్రకటనల్లోని రేటును కాక, మీ బ్లాకులోనే ఈ మధ్య నిజంగా చేతులు మారిన ఫ్లాటు ఎంతకు పోయిందో అసోసియేషన్ కార్యదర్శిని అడగండి. 24,000ను మాత్రం, ఏడాదిలో ఒక నెల ఖాళీగా పోతుందనుకుని, పన్నెండుతో కాక పదకొండుతో గుణించి మొదలుపెట్టండి.