వరద పేరు చెప్పి కొన్న రేడియో

ప్రశ్న: మాది కర్నూలు పాతబస్తీ. హంద్రీకి దగ్గరలో నాన్నగారు కట్టిన ఇంట్లో ఆయనతోనూ, భార్య, ఇద్దరు పిల్లలతోనూ ఉంటున్నాను. ప్రైవేటు ఉద్యోగంలో నెలకు 58,000 రూపాయలు చేతికి వస్తుంది, ఇంటి ఖర్చు 38,000. 2009 వరదలో మా ఇల్లు మునిగింది. అలాంటిది మళ్లీ వస్తే సిద్ధంగా ఉండాలని గత రెండేళ్లలో చేతిలో పట్టుకుని మాట్లాడే రేడియో సెట్లు రెండు, రెండు పోర్టబుల్ పవర్ స్టేషన్లు (మోసుకెళ్లగలిగే పెద్ద బ్యాటరీ పెట్టెలు), మడత సోలార్ ప్యానెల్, గుడారం, ఏడు టార్చిలైట్లు కొన్నాను. అన్నీ కలిపి 1,64,000 అయింది. క్రెడిట్ కార్డు మీద వడ్డీలేని వాయిదా నెలకు 5,400 చొప్పున ఇంకా ఆరు నెలలు కట్టాలి. అత్యవసరాల కోసం బ్యాంకులో 54,000 ఉంది. దానికి మరో 36,000 కలిపి, దూరప్రాంతాలతో మాట్లాడగలిగే హెచ్‌ఎఫ్ రేడియో కొందామనుకుంటున్నాను. అత్యవసర నిధిని అత్యవసర సామగ్రికి వాడితే తప్పేముంది? నా భార్య మాత్రం "నీ సామాను చూసి భయపడే వరద రావడం మానేసింది" అంటోంది.

జవాబు: మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడినప్పుడు మా మేనమామ ఇల్లు కూడా పాతబస్తీలోనే ఉండేది. నీరు తీశాక మేము వెళ్లేసరికి మంచం కింది ఇనుప పెట్టె బురదలో సగం కూరుకుపోయి ఉంది. అందులోని ఇంటి దస్తావేజులు ముద్దగా అతుక్కుపోతే, అత్తయ్య మిద్దె మీద ఒక్కొక్క కాగితాన్నీ గోటితో విడదీసి, నాలుగు మూలలా గులకరాళ్లు పెట్టి ఎండబెట్టింది. ఆ వారమంతా ఆ ఇంట్లో వాళ్లు తాగునీళ్లకు, చేతిలో నాలుగు నోట్లకు, కొట్టుకుపోయిన మామయ్య బీపీ మాత్రలకు తిప్పలు పడ్డారు. రేడియో లేదని బాధపడిన వారిని నేను చూడలేదు.

కాబట్టి మీరు కొన్నవాటిలో వరద కోసం కొన్నవి ఏవో, మనసుపడి కొన్నవి ఏవో ముందు విడదీయాలి. ఇంట్లో మంచి టార్చిలైటు ఒకటి, అది పాడైతే పనికొచ్చేందుకు మరొకటి ఉండటం జాగ్రత్తే. మూడోదాని నుంచి ఏడోదాని వరకు సరదా. మొదటి పవర్ స్టేషన్‌తో ఫోన్లు, రెండు బల్బులు, ఒక చిన్న ఫ్యాను నడుస్తాయి గనుక దాన్ని అవసరం కిందే రాసుకుందాం. రెండోది ఎందుకు కొన్నారు? మొదటిదానికీ రెండోదానికీ మధ్య హంద్రీకి వరద రాలేదు, మార్కెట్లోకి కొత్త మోడల్ వచ్చింది. జాగ్రత్త కోసం కొన్న వస్తువును ఒకసారి కొని, మూడు నెలలకోసారి తీసి చూసి, మళ్లీ బీరువాలో పెట్టేస్తాం, దానికి కొత్త మోడల్ వచ్చిందో లేదో కూడా పట్టించుకోం. ఈ రాత్రే కరెంటు పోతే మీ రెండు పవర్ స్టేషన్లలో ఏది నిండుగా ఛార్జయి ఉందో, ఇది చదువుతూనే లేచి వెళ్లి చూడండి.

ఇక రేడియో సంగతి. మీరు అడిగే హెచ్‌ఎఫ్ సెట్టు హామ్ రేడియో కిందికి వస్తుంది, అంటే లైసెన్సు తీసుకుని సొంత ఆసక్తితో నడిపే రేడియో. అది ఆపదలో పనికొస్తుందనడంలో అబద్ధం లేదు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న హామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ బృందం అండమాన్ నుంచి కబుర్లు చేరవేసింది. అయితే ఆమె అప్పటికే అనుభవమున్న ఆపరేటరు, రేడియో ప్రయోగాల కోసమే అక్కడికి వెళ్లారు. మీరు లైసెన్సు ఊసెత్తలేదు. మన దేశంలో హామ్ రేడియో వాడాలంటే కేంద్ర టెలికం శాఖ నిర్వహించే పరీక్ష రాసి, లైసెన్సు, కాల్‌సైన్ (ప్రసారంలో చెప్పుకునే గుర్తింపు పేరు) పొందాలి. అవి లేకుండా ప్రసారం చేయగల హామ్ సెట్టును ఇంట్లో పెట్టుకోవడమే చట్టం ఒప్పుకోదు, ఇప్పుడున్న చేతి సెట్లు కూడా ఆ కోవవే అయితే వాటి విషయంలోనూ మీరు తొందరపడక తప్పదు. పైగా అవతలి వైపు వినే మనిషి, మిద్దె మీద సరైన యాంటెన్నా, వారం వారం సాధన లేకపోతే వరద రోజున ఆ పెట్టె ఒక బరువే. నిజంగా పనికిరావాలంటే మీరు దాన్ని ఇష్టంగా, ఏళ్ల తరబడి, సరదాగానే నేర్చుకోవాలి. అందుకే దాని డబ్బు కూడా సరదా ఖాతాలోంచే రావాలంటున్నాను. స్వామి కార్యం, స్వకార్యం ఒకే ఖాతాలో రాస్తే ఏది ఎంత తిన్నదో లెక్క తేలదు.

అసలు అత్యవసరం మీ ఇంట్లో ఎక్కడ ఖాళీగా ఉందో చెబుతాను. నెలకు 38,000 ఖర్చున్న ఇంటికి ఆరు నెలల నిధి అంటే 2,28,000 ఉండాలి. మీ దగ్గర ఉన్నది నెలన్నరకు కూడా చాలదు. వరద కన్నా ఉద్యోగం పోవడం, నాన్నగారు ఆసుపత్రిలో చేరడం ఏ ఇంటికైనా ఎక్కువసార్లు తటస్థపడే విషయాలు, వాటికి హెచ్‌ఎఫ్ రేడియో సాయపడదు. ఆ 54,000లో ఒక్క రూపాయి కూడా తీయకండి.

ఒకసారి మునిగిన ఇల్లు కదా, దానికి బీమా ఉన్నట్టు మీరు రాయలేదు. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ అందుబాటులో ఉంది. వరద నష్టం అందులో కలిసే ఉంటుంది. స్థలం ధరను వదిలి, ఇంటిని తిరిగి కట్టడానికయ్యే ఖర్చుకే బీమా తీసుకోవాలి. కట్టడానికి 20 లక్షలకు తీసుకుంటే, ఇంట్లోని సామగ్రికి అందులో 20 శాతం, అంటే 4 లక్షల వరకు రక్షణ దానంతటదే వస్తుంది. బైకుకు థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే నీట మునిగిన బండికి పైసా రాదు, అది కూడా చూసుకోండి.

ఆ నిధిని ముట్టకుండా కొద్దికొద్దిగా కూడబెట్టి, ఇంట్లో 10,000 రూపాయలు వంద, రెండు వందల నోట్లుగా జిప్ కవరులో ఉంచండి, ఎందుకంటే కరెంటు, టవర్లు పోయిన రోజున ఏటీఎం, ఫోన్‌పే రెండూ పలకవు. అదే కవరులో నాన్నగారి మందుల చీటీ, పది రోజుల మాత్రలు, దస్తావేజు నకలు పెట్టి, అసలు దస్తావేజును బ్యాంకు లాకరులోనో, ఎత్తైన ప్రాంతంలో ఉండే బంధువుల ఇంట్లోనో దాచండి. లోపలి నోట్లను పక్కన పెడితే, ఆ కవరుకూ నకలుకూ కలిపి ఒక టార్చిలైటు ఖరీదు కూడా కాదు.

ఇప్పుడు నెలవారీ లెక్క. ఖర్చు, వాయిదా పోను మీకు 14,600 మిగులుతుంది. అందులో 10,000 నిధికి, 2,000 బీమాల కోసం, 1,500 మీ రేడియో సరదాకు కేటాయించి, మిగతా 1,100 చేతిలో ఉంచుకోండి. వాయిదాకు వడ్డీ లేదంటున్నారు గనుక దాన్ని ముందే తీర్చడానికి ఉన్న నిధిని కరిగించనక్కర్లేదు. కానీ ఒక్క నెల తప్పినా కార్డు వడ్డీ ఏడాదికి 40 శాతం దరిదాపుల్లోకి వెళుతుంది, కాబట్టి ఆటో డెబిట్ పెట్టండి. ఆరు నెలల తర్వాత ఖాళీ అయ్యే 5,400లో 4,000 నిధికి, 1,400 సరదాకు కలపండి. ఈ లెక్కన 15 నెలలకు నిధి నిండుతుంది, అప్పటికి సరదా ఖాతాలో 35,000 చేరుతుంది. ఆ తర్వాత నిధికి వెళ్లే 14,000లో 5,000 అటు మళ్లిస్తే, ఇంకో ఏడు నెలలకు 90,000 సమకూరుతుంది. ఈలోగా పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవడానికి చాలినంత సమయం ఉంది.

అంతకాలం ఆగలేనంటారా? రెండో పవర్ స్టేషన్, గుడారం, ఐదు టార్చిలైట్లు అమ్మకానికి పెట్టండి. కొన్న ధరలో సగం వస్తే మంచి బేరమే అనుకోండి. వచ్చిన డబ్బును నేరుగా రేడియో ఖాతాలో వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు. మీ భార్యకు మాత్రం ముందే చెప్పండి, ఎందుకంటే ఆ ఐదు లైట్లలో ఒకటి ఆవిడ ఈపాటికే వంటగదిలో వాడుకుంటూ ఉండవచ్చు.